చాప కింద నీరు వంటి వ్యాధులు – మన నిత్యనియమం

ప్రతి నెల మొదటి ఆదివారం ఉదయం మన ఆలయ మండపంలో రక్తపోటు, చక్కెర పరీక్షలు జరుగుతున్న సంగతి భక్తులకు తెలిసినదే. కృష్ణానగర్‌లో 30 సంవత్సరాలు వైద్యవృత్తిలో ఉండి విశ్రాంతి పొందిన నాకు ఆ సేవలో పాలుపంచుకొనే భాగ్యాన్ని ట్రస్టు పెద్దలు కలిగించారు.

కొన్ని నెలల క్రితం ఒక సోదరుడు సకుటుంబంగా దర్శనానికి వచ్చారు. సినిమా చిత్రీకరణలలో దీపాలు అమర్చే పని ఆయనది. వయస్సు 42. "నాకేం జబ్బు లేదండీ. మా ఆవిడ పోరు పడలేక కూర్చున్నాను" అంటూ నవ్వుతూ చేయి చాపారు. రక్తపోటు 190/116 ఉన్నది. పది నిమిషాలు కూర్చుండబెట్టి మరల చూశాను. మార్పు లేదు. ఆ వారంలోనే చేయించిన పరీక్షలలో మూత్రపిండాల శక్తి సగానికి పైగా తగ్గిపోయినదని తేలింది. నివేదిక చేతిలో పట్టుకొని ఆయన ఒక్కటే ప్రశ్న అడిగారు: "ఒక్కనాడైనా నొప్పి పుట్టలేదే సార్, ఇదంతా ఎప్పుడు జరిగింది?"

ఆ ప్రశ్నకు ఆ రోజు నేను తొందరలో చెప్పిన సమాధానం చాలలేదు. దానినే వివరంగా ఇక్కడ విన్నవించుకుంటున్నాను.

నొప్పి లేకుండా వచ్చేవి

జ్వరం వచ్చిన నాడు శరీరం మనలను మంచం పట్టిస్తుంది. పన్ను పుచ్చితే రాత్రంతా నిద్ర ఉండదు. కాని మధుమేహం, అధిక రక్తపోటు అటువంటివి కావు. అవి చాప కింద నీరులా ఏండ్ల తరబడి వ్యాపిస్తాయి. రక్తపోటు అధికమైనప్పుడు రక్తనాళాల గోడలు ఆ ఒత్తిడిని తట్టుకొనేందుకు క్రమంగా గట్టిపడి, మందమవుతాయి. రక్తంలో చక్కెర పెరిగితే అవే గోడలు లోపలి నుండి దెబ్బతింటాయి. అతి సన్నని నాళాలు ఎక్కడ ఎక్కువో అక్కడ ముందుగా నష్టం జరుగుతుంది. అవి కంటి వెనుక పొర, మూత్రపిండం, పాదాల నరాలు. పెద్ద నాళాలలో జరిగిన నష్టం గుండెపోటుగా, పక్షవాతంగా బయటపడుతుంది.

మన రెండు మూత్రపిండాలలో సుమారు 20 లక్షల సూక్ష్మమైన వడపోత భాగాలు ఉంటాయి. కొన్ని చెడిపోయినా మిగిలినవి వాటి పనిని కూడా మోస్తాయి. భగవంతుడు ఇచ్చిన ఈ మిగులు శక్తి వల్లనే సగం పోయేవరకు మనకు ఏ బాధా తెలియదు. ఆ సోదరుని విషయంలో జరిగినది ఇదే.

ఇది ఏ ఒక్కరి కథో కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా లక్షకు పైగా వయోజనులను పరీక్షించి 2023లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. మధుమేహానికి ముందు దశలో ఉన్నవారు మరో 13.6 కోట్ల మంది. అధిక రక్తపోటు వయోజనులలో 35.5 శాతం మందికి ఉన్నది. అనగా మన దర్శనం వరుసలో నిలిచిన ప్రతి ముగ్గురు పెద్దలలో ఒకరికి ఉండవచ్చునన్నమాట.

మన వీధులలో ఒక దినచర్య

కృష్ణానగర్ చౌరస్తా తెల్లవారక ముందే మేల్కొంటుంది. చిత్రీకరణలకు వెళ్ళే సహాయ నటులు, వంటవారు, దుస్తులవారు, దీపాలవారు అక్కడ గుమిగూడుతారు. ఖాళీ కడుపున ఒక చాయ్, దారిలో బోండాలో పునుగులో, మధ్యాహ్నం ఎప్పుడు విరామం దొరికితే అప్పుడు అన్నం, రాత్రి పని ముగిశాక అర్ధరాత్రి బిర్యానీ. అటు అమీర్‌పేటకు పోతే శిక్షణ కేంద్రాలకు వచ్చి వసతి గృహాలలో ఉండే వేలాది యువతీ యువకులది మరొక తీరు. రోజంతా కూర్చునే ఉండడం, రాత్రి నిద్ర మానడం, ఆకలికి నూడుల్స్, శీతల పానీయం.

వీరిలో ఎవరూ తిండిపోతులు కారు. బ్రతుకుతెరువు వేళలను బట్టి తిండి వేళలు ఏర్పడ్డాయి. అందుచేత వారిని నిందించడం నా ఉద్దేశం కాదు. ఆ దినచర్యలో దాగి ఉన్న లెక్కలను మాత్రం చూద్దాము.

మొదటిది చక్కెర. చిన్న చెంచాడు చక్కెర సుమారు 4 గ్రాములు. చాయ్‌కి రెండు చెంచాల చొప్పున రోజుకు ఆరు చాయ్‌లు త్రాగితే 48 గ్రాములు. రెండు వేల కేలరీల ఆహారం తీసుకొనేవారికి రోజు మొత్తంలో అదనపు చక్కెర 50 గ్రాములు దాటరాదని, 25 గ్రాములకు పరిమితమైతే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అనగా మిఠాయి ముట్టకుండానే, కేవలం చాయ్‌తోనే హద్దుకు చేరుకున్నాము.

రెండవది ఉప్పు. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు చాలు. అది ఒక చిన్న చెంచాడు. కాని మన ఇంట ఉప్పు ఒక్క డబ్బాలోనే ఉండదు. ఆవకాయలో, అప్పడంలో, ఊరమిరపకాయలో, మజ్జిగలో, పచ్చడిలో, చిరుతిళ్ళ పొట్లాలలో ఉన్నది. బోండాలు పొంగడానికి వేసే వంటసోడాలో ఉన్నదీ సోడియమే. రక్తపోటును పెంచేది ఆ సోడియం.

మూడవది నూనె. పదే పదే మరిగించిన నూనెలో హానికర పదార్థాలు పేరుకొంటాయి. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదని 2018 జూలై నుండి మన దేశంలో నిబంధన ఉన్నది. బండి వద్ద పరీక్షా యంత్రం ఉండదు గాని, నల్లబడి, జిగురుగా మారి, పొగలు చిమ్ముతున్న నూనెను గుర్తించడానికి కళ్ళు చాలు.

నాలుగవది నిద్ర. మన శరీరంలో పగలు రాత్రులను అనుసరించే గడియారం ఉన్నది. రాత్రివేళ చక్కెరను సర్దుకొనే శక్తి శరీరానికి తక్కువ. పగలు తిన్న అన్నమే అర్ధరాత్రి తింటే రక్తంలో చక్కెర ఎక్కువగా పెరుగుతుంది. రాత్రి పని తప్పనివారు ఆ వేళలో పెద్ద భోజనం మాని, పని మొదలయ్యే ముందే భోంచేసి, నడుమ మజ్జిగ, వేయించిన శనగలు, పండు వంటివి తీసుకోవడం మేలు. పొగాకు సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. బీడీ, సిగరెట్, గుట్కా, ఖైనీ ఏ రూపంలోనైనా అందులో హద్దు అనేది లేదు. మానుటే మార్గం.

గాలి, నీరు, నేల

అన్నీ నాలుక చేసిన తప్పులే అనుకోవడం న్యాయం కాదు. పంజాగుట్ట కూడలిలో నిలిచి పనిచేసే పోలీసు సోదరుడు, దారి పక్కన బండి పెట్టుకున్న చెల్లెలు ఏ నియమం పాటించినా పీల్చేది అదే గాలి. అందులోని అతి సూక్ష్మ ధూళి, పి.ఎం. 2.5 అని పిలువబడేది, తల వెంట్రుక మందంలో ముప్పయ్యవ వంతు కూడా ఉండదు. అది ఊపిరితిత్తుల లోతులకు చేరి, గుండెను, రక్తనాళాలను కూడా బాధిస్తుంది. ఘనపు మీటరు గాలిలో దాని వార్షిక సగటు 5 మైక్రోగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మన దేశపు ప్రమాణం 40. హైదరాబాదు శివార్లలోని గ్రామాలలో జరిపిన అధ్యయనం ఒకటి వెలువడింది. ధూళి ఎక్కువగా ఉన్న గాలి పీల్చేవారిలోను, కట్టెల పొయ్యి వాడే ఇళ్ళలోను మెడలోని రక్తనాళాల గోడలు మందమైనట్లు అందులో కనబడింది.

ఇంట్లో పొగ కూడా పొగయే. మూసిన చిన్న గదిలో అగరువత్తులు, సాంబ్రాణి, దోమల చుట్టలు కలిసి వెలిగితే ఉబ్బసం ఉన్నవారికి, పసిపిల్లలకు ఇబ్బంది. పూజ మానమని కాదు. కిటికీ తెరచి, ఒక్క వత్తితో చేసిన పూజను స్వామి తప్పక స్వీకరిస్తాడు.

నీటి విషయంలో నల్లగొండ మనకు పాఠం. భూగర్భజలంలోని ఫ్లోరైడు తరతరాల ఎముకలను వంచింది. దానిని తొలగించడానికి పటిక, సున్నం వాడే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్లగొండ విధానం' అనే పేరు వచ్చింది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి జీడితోటల నడుమ ఉన్న కవిటి, సోంపేట, కంచిలి వంటి మండలాలలో మధుమేహం గాని రక్తపోటు గాని లేనివారికి కూడా మూత్రపిండాల వ్యాధి వస్తున్నది. ఎన్నో పరిశోధనలు జరిగినా దానికి ఏకైక కారణం నేటికీ నిర్ధారణ కాలేదు. కాబట్టి రోగిని చూసి "ఏం తిన్నావో" అని అనడానికి ముందు "ఎక్కడ బ్రతికావో" అని కూడా అడగాలి.

పెద్దలు చెప్పినదే

ఇవన్నీ నేటి మాటలని కొందరు అంటారు. చరక సంహిత చికిత్సాస్థానంలో ప్రమేహానికి కారణాలు చెప్పినచోట సుఖంగా కూర్చుండిపోవడం, అతినిద్ర, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు మితిమీరి వాడడం పేర్కొనబడినవి. భగవద్గీత ఆరవ అధ్యాయం అతిగా తినేవానికి, అసలు తిననివానికి, అతిగా నిద్రించేవానికి, అతిగా మేల్కొనేవానికి కూడా యోగం కుదరదని బోధిస్తుంది. తిండి, నిద్ర, పని ఈ మూడింటిలోను మితమే అక్కడి ఉపదేశం. నేటి వైద్యశాస్త్రం దానికి కొలతలు జోడించింది.

మన నగరంలోని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో చిన్న పరిశోధనా విభాగంగా ప్రారంభమై 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఆ సంస్థ 2024 మే నెలలో భారతీయుల ఆహారానికి 17 మార్గదర్శకాలు ప్రకటిస్తూ, దేశంలోని మొత్తం వ్యాధిభారంలో 56.4 శాతం సరికాని ఆహారం వల్లనే కలుగుతున్నదని అంచనా వేసింది. మనకు లభించే శక్తిలో బియ్యం, గోధుమ వంటి ధాన్యాల వాటా 45 శాతం మించరాదని, పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని ఆ సంస్థ చెబుతున్నది. మన ఇళ్ళలో పళ్ళెం నిండా అన్నం, అంచున కూర. ఈ రెండింటి స్థానాలు మారితే చాలు, చాలావరకు పని జరిగినట్లే.

ఒక ఉప్మా పళ్ళెం మహిమ

దాతలు ప్రత్యేకంగా వినవలసిన సంగతి ఒకటి ఉన్నది. 1987 నుండి 1990 వరకు జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదు సమీప గ్రామాలలో ఒక ప్రయోగం చేసింది. కొన్ని గ్రామాలలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు ప్రతిదినం మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. పొరుగు గ్రామాలకు ఆ పథకం అప్పటికి చేరలేదు. పదిహేనేళ్ళ తరువాత పరిశోధకులు మరల ఆ గ్రామాలకు వెళ్ళి, 13 నుండి 18 ఏళ్ళ వయస్సుకు వచ్చిన ఆ పిల్లలను, 1,100 మందికి పైగా, పరీక్షించారు. ఆ ఫలితాలు 2008లో ప్రచురితమైనవి. ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగా ఉన్నారు. అంతకంటె ముఖ్యంగా, మధుమేహానికి దారితీసే ఇన్సులిన్ నిరోధకత వారిలో తక్కువగా ఉన్నది. రక్తనాళాలు మరింత మెత్తగా, సాగే గుణంతో ఉన్నాయి.

తల్లి గర్భంలో ఉండగా, పసితనంలో అందిన ఒక పళ్ళెం ఆహారం పదిహేనేళ్ళ తరువాత రక్తనాళాలలో కనబడింది. వ్యాధి ఏ విధంగా మెల్లమెల్లగా లోపల చేరుతుందో, ఆరోగ్యం కూడా అదే విధంగా చేరుతుంది. అన్నదానం మహాదానమని మనము అనుకునే మాటకు ఇంతకంటె ప్రత్యక్ష సాక్ష్యం నేను చూడలేదు. ఏ అన్నం, ఎవరికి, ఎప్పుడు అన్నది కూడా దానంలో భాగమే.

మన అన్నదాన వంటశాల

ఈ ఆలోచనతో గత సంవత్సరం ట్రస్టు పెద్దల ముందు కొన్ని సూచనలు ఉంచాను. మొదట అభ్యంతరాలు వచ్చాయి. "భక్తులు రుచి లేదంటే దాతలకు చెడ్డపేరు" అన్నారు ఒక పెద్దలు. ఆ భయం సమంజసమే. మన ప్రధాన వంటస్వామి దానికి మార్గం చూపారు. "ఒక్కసారి తగ్గిస్తే నాలుక తిరగబడుతుందండీ. వారానికి ఒక చిటికెడు చొప్పున తగ్గిస్తాను" అన్నారు. మూడు మాసాలలో సాంబారులో ఉప్పు నాలుగవ వంతు తగ్గింది. ఎవరూ అడగలేదు. నాలుక కొద్ది వారాలలోనే కొత్త రుచికి అలవాటు పడుతుందని శాస్త్రం కూడా చెబుతున్నది.

మజ్జిగలో ఉప్పు కలపడం మాని, కోరినవారికి పక్కన ఉంచుతున్నారు. ప్రతి భోజనంలో ఒక ఆకుకూర పప్పు, ఒక కూర తప్పనిసరి చేశారు. వారానికి ఒకనాడు కొర్రలతో పులిహోర వండుతున్నారు. ఒకసారి వేయించిన నూనెను మరునాటికి ఉంచడం లేదు. లడ్డూ మానలేదు, పరిమాణం తగ్గించారు. ప్రసాదం అరచేతిలో ఇమిడేంత తీసుకొని, కళ్ళకద్దుకొని స్వీకరించేదే గాని కడుపు నింపుకొనేది కాదు కదా. దాతలు పుట్టినరోజున, పెళ్ళిరోజున ఒక మిఠాయి చేర్చమని కోరినప్పుడు, దానికి బదులు పండ్లు గాని, బస్తీలోని గర్భిణులకు నెలకు సరిపడా పప్పు, వేరుశనగ గాని ఇవ్వవచ్చునేమో ఆలోచించవలసినదిగా నా ప్రార్థన.

యాత్రికులకు కొన్ని జాగ్రత్తలు

మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు ఏకాదశికో కార్తిక సోమవారానికో ఉపవాసం ఉండదలిస్తే ముందుగా వైద్యుని అడిగి మందుల మోతాదు మార్చుకోవాలి. ఉపవాసంలో చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కలిగితే వెంటనే పానకమో చక్కెరో తీసుకోవాలి. ప్రాణాపాయంలో వ్రతం విరమించడం దోషం కాదు.

మధుమేహం వల్ల పాదాల స్పర్శ తగ్గినవారికి వేసవిలో ఆలయ ప్రాంగణపు రాళ్ళు కాలినా తెలియదు. దీక్షలో చెప్పులు లేకుండా నడిచేవారికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. అటువంటివారు చల్లని వేళలో ప్రదక్షిణం చేసి, ప్రతి రాత్రి పాదాలను అడుగుభాగంతో సహా చూసుకోవాలి. పుండు కనబడితే ఆ రోజే చూపించాలి.

కొండ మెట్లు ఎక్కేటప్పుడు ఛాతీలో బరువు, ఎడమచేతికో దవడకో ప్రాకే నొప్పి, అసాధారణ ఆయాసం కలిగితే అక్కడే కూర్చొని 108కు ఫోను చేయించాలి. మూత్రపిండాల వ్యాధి ముదిరినవారు కొబ్బరినీళ్ళు, అరటిపండ్లు వైద్యుని సలహా లేకుండా ఎక్కువగా తీసుకోరాదు. వాటిలోని పొటాషియం వారి గుండెకు ప్రమాదం. యాత్రలో ఎన్ని రోజులున్నా మందులు మానరాదు.

గుర్తుంచుకోవలసిన అంకెలు

30 ఏళ్ళు దాటిన ప్రతివారు ఏడాదికి ఒకసారైనా పరీక్ష చేయించుకోవాలి. రక్తపోటు వేరువేరు రోజులలో 140/90, అంతకు మించి ఉంటే చికిత్స అవసరం. పరగడుపున చక్కెర 100 లోపు ఉండాలి. 100 నుండి 125 వరకు హెచ్చరిక, 126 దాటితే మరల చూసి నిర్ధారించుకోవాలి. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. సన్నగా కనబడేవారికి కూడా పొట్ట ఉంటే ముప్పు ఉన్నట్లే. వారానికి కనీసం 150 నిమిషాలు చెమట పట్టేలా నడవాలి. కృష్ణకాంత్ పార్కు మనకు దగ్గరే. ఈ పరీక్షలకు సొమ్ము లేదని వెనుకాడవద్దు. 2018 నుండి నగరంలో నడుస్తున్న బస్తీ దవాఖానాలలో రక్తపోటు, చక్కెర పరీక్షలు ఉచితం.

మొదట చెప్పిన సోదరుని సంగతితో ముగిస్తాను. ఆయన మూత్రపిండాలు పోయిన శక్తిని తిరిగి పొందలేదు, పొందవు కూడా. కాని మాత్రలు క్రమంగా వాడుతున్నారు. ఇంట ఊరగాయ జాడీ అటక ఎక్కింది. రక్తపోటు 130 దరికి వచ్చింది, నష్టం మరింత ముందుకు పోవడం నెమ్మదించింది. డయాలిసిస్ గండం ఇప్పటికి తప్పింది. పోయిన నెల ఆయన తనతో పనిచేసే నలుగురిని వెంటబెట్టుకొని మండపానికి వచ్చారు. వారిలో ఇద్దరికి రక్తపోటు బయటపడింది. ఇద్దరికీ నొప్పి లేదు. ఇద్దరివీ మూత్రపిండాలు ఇంకా క్షేమంగా ఉన్నాయి.

దర్శనం అయిన తరువాత మీరు కూడా ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చొని, చేయి చాపండి. మీ వెంట వచ్చినవారిని కూడా కూర్చోబెట్టండి.